కొలువులో పానపాత్ర, దండులో అంగడి: నడిగడ్డ యుద్ధకథనాల్లో సేనాజ్ఞ, సైనికవినోదం

వ్యాససంగ్రహం

కృష్ణా తుంగభద్రల నడుమనున్న అంతర్వేది కోసం బహమనీ, విజయనగర, ఆదిల్‌షాహీ రాజ్యాలు దాదాపు రెండు శతాబ్దాలు పోరాడాయి. ఆ యుద్ధాలను చెప్పిన కథనాల్లో విందు, పాట, ఆట, సంత తరచుగా కనిపిస్తాయి. ఫెరిష్తా చరిత్రలో వినోదం యుద్ధానికో ఓటమికో కారణంగా నిలుస్తుంది. న్యూనిజ్ వృత్తాంతంలో అది దండు నిర్వహణలో ఒక భాగం. ఆముక్తమాల్యద అవతారికలో దండయాత్ర నడుమ దొరికిన విరామం కావ్యజన్మకు హేతువవుతుంది. ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, తాగిన సుల్తాను ఓడాడు, ఉపవసించిన రాయలు గెలిచాడు అన్న ప్రచారంలోని పోలిక నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఏలిక వినోదాన్నీ బంటు వినోదాన్నీ వేరుచేసి చూడవలసిన అవసరాన్ని, నడిగడ్డ స్థానికచరిత్ర రచనకు దానివల్ల కలిగే ప్రయోజనాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: నడిగడ్డ, రాయచూరు యుద్ధం, ఫెరిష్తా, న్యూనిజ్, ఆముక్తమాల్యద, దండువిడిది, స్థానికచరిత్ర.

1. ప్రవేశిక

జోగులాంబ గద్వాల జిల్లాలో తుంగభద్ర ఉత్తరపు ఒడ్డున రాజోలి ఉంది. నది అవతలి గట్టు కర్నూలు సీమ. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర ప్రవహించే ఈ ప్రాంతాన్ని స్థానికులు నడిగడ్డ అంటారు. చరిత్ర గ్రంథాలు రాయచూరు అంతర్వేది అని పిలిచే భూభాగానికి ఇది తూర్పు కొస. పడమట ముద్గల్, రాయచూరు కోటలు, తూర్పున గద్వాల, అలంపురం, రెండు నదులు కలిసే సంగమం దాకా ఒకే నేల. రాజోలిలో కోట ఉండడం, గద్వాలలో కోట ఉండడం, నదీతీరం పొడవునా కోటల ఆనవాళ్లు కనిపించడం యాదృచ్ఛికం కాదు. వానకాలంలో రెండు నదులూ ఈ నేలకు కందకాలవుతాయి. ఎండకాలంలో నీరు తగ్గితే అవే దండ్లకు దారులవుతాయి.

ఇలాంటి నేలమీద యుద్ధానికి ముందు వరుస, వెనక వరుస అన్న విభజన నిలకడగా ఉండదు. ఒక దండుకు వెనకతట్టు అయిన ఊరు మరునాటికి మరో దండుకు ముందుతట్టు కావచ్చు. అయినా యుద్ధాన్ని చెప్పేవాడు మాత్రం ఆ విభజన చేయక తప్పదు. కత్తి దూసిన చోటును వర్ణించినవాడే దండు దిగిన చోటునూ చెప్పాలి. అక్కడ సేనాధిపతి ఏం చేస్తున్నాడు, బంటు ఏం చేస్తున్నాడు అన్నది ఏదో ఒక రూపంలో కథనంలోకి వస్తుంది. అది ఏ రూపంలో వచ్చింది, కథకుడికి దానితో ఏం పని అన్నవే ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్నలు.

వినోదాలను సాంఘికచరిత్రకు ఆధారంగా చూడడం తెలుగులో సురవరం ప్రతాపరెడ్డితో బలపడింది. ఆయన ఈ గద్వాల సీమవాడే. 1949లో వెలువడి, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర కావ్యాలనూ విదేశీయాత్రికుల రచనలనూ కలిపి చదివి ప్రజల ఆటపాటలను చరిత్రలోకి తెచ్చింది. ఆ దారిలో నడిచిన తర్వాతి పరిశోధనల్లో సైన్యం ఒక శీర్షికగా, వినోదాలు మరొక శీర్షికగా విడివిడిగా కుదురుకోవడం మనకు అలవాటైంది. దండువిడిది ఈ రెండు శీర్షికల నడుమ జారిపోయింది. యుద్ధం మధ్యలోని వినోదాన్ని యుద్ధచరిత్రకారుడు చిల్లర విషయమని వదిలేస్తాడు. సాంఘికచరిత్రకారుడు దాన్ని శాంతికాలపు వినోదాలతో కలిపేస్తాడు.

2. ఫెరిష్తా: మజ్లిస్‌లో పుట్టిన ఆజ్ఞ

ముహమ్మద్ ఖాసిం ఫెరిష్తా బీజాపురంలో రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా ఆశ్రయంలో 17వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో తన పారసీక చరిత్రను రాశాడు. అంతర్వేది యుద్ధాల గురించి ఆయన చెప్పిన కథనాల్లో మూడింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను. ఈ మూడూ వేర్వేరు కాలాలవి. వేర్వేరు పాలకులవి. కాని మూడింటిలోనూ నిర్ణాయక ఘట్టం వినోదస్థలంలో జరుగుతుంది.

మొదటిది 1366 నాటిది. బహమనీ సుల్తాను మొదటి ముహమ్మద్ షా విందులో ఉన్నాడు. ఢిల్లీ నుంచి వచ్చిన గాయకులు అమీర్ ఖుస్రో, హసన్‌ల కవితలు పాడారు. ఆనందించిన సుల్తాను వారికి బహుమతిని విజయనగర ఖజానా నుంచి ఇప్పించాలని పత్రం రాయించమన్నాడు. మంత్రి సైఫుద్దీన్ ఘోరీ అది మత్తులో వచ్చిన మాటగా భావించి ఊరుకున్నాడు. మరునాడు సుల్తాను అడిగి మరీ దాన్ని పంపించాడు. విజయనగరంలో ఆ పత్రం తెచ్చినవాడికి అవమానం జరిగింది. బుక్కరాయలు తుంగభద్ర దాటి ముద్గల్ కోటను పట్టాడు. అక్కడి నుంచి మహాసంహారం మొదలైంది.

రెండవది 1398 నాటిది. విజయనగర సేన కృష్ణకు దక్షిణపు ఒడ్డున దిగి ఉంది. నది నిండుగా పారుతోంది. ఆవలి ఒడ్డున ఫిరోజ్ షా బహమనీ దాటలేక నిలిచాడు. అప్పుడు ఖాజీ సిరాజ్ అనే అతడు కొద్దిమంది తోడుతో బిచ్చగాళ్ల వేషంలో నది దాటి, శత్రుశిబిరంలో నాట్యగత్తెల విడిదిలో చేరాడు. ఒక నర్తకిపై మోహం నటించి, వాద్యం వాయించడంలో తన నేర్పు చూపి, ఆమెతో పాటు రాకుమారుడి ముందు ఆడే అవకాశం సంపాదించాడు. కటారులతో ఆడే ఆటలో ఆ కటారుతోనే రాకుమారుణ్ణి పొడిచాడు. దీపాలు ఆరాయి. శిబిరం కకావికలైంది. ఆ గందరగోళంలో సుల్తాను సేన తోలు కప్పిన బుట్టలమీద నది దాటింది. ఈ సీమవాళ్లు పుట్టి అని పిలిచేది అలాంటి బుట్టనే.

మూడవది 1520 నాటి రాయచూరు యుద్ధం. ఇస్మాయిల్ ఆదిల్‌షా కృష్ణ ఒడ్డున విడిది చేశాడు. కొలువులో ఒకడు పానపాత్రను నింపమని చెప్పే పద్యం చదివాడు. సుల్తాను ఆప్తులను పిలిచి సంగీతంతో, మధువుతో విందు నడిపించాడు. విందు మితిమీరింది. నది దాటి శత్రువును కొట్టాలన్న కోరిక అప్పటికప్పుడు పుట్టింది. కారణం ఎవరికీ చెప్పక ఏనుగెక్కి నది చూడబోయినట్టు వెళ్లి, హఠాత్తుగా దాటమని ఆజ్ఞ ఇచ్చాడు. చాలినన్ని తెప్పలు లేవు. దాటిన కొద్ది సేన ఓడింది. తిరిగి నదిలో పడి చాలామంది పోయారు. రాయచూరును తిరిగి గెలిచేదాకా మద్యం ముట్టనని సుల్తాను ఒట్టు పెట్టుకున్నాడు. 1530 ప్రాంతంలో రాయచూరు, ముద్గల్ చేజిక్కిన తర్వాత ఘనంగా ఉత్సవం చేసి ఆ ఒట్టు తీర్చుకున్నాడు.

ఈ మూడు కథల్లో సమానమైన అంశం మద్యం అని పైచూపుకు అనిపిస్తుంది. దగ్గరగా చూస్తే సమానమైనది ఆజ్ఞ. మొదటి కథలో మంత్రి సంశయం గమనించదగ్గది. విందులో పలికిన మాట రాజాజ్ఞ అవునా కాదా అన్నదే ఆయన సందేహం. సుల్తాను మరునాడు దాన్ని మళ్లీ చెప్పడంతో మజ్లిస్‌లోని మాట రాజ్యపు మాటగా మారింది. మూడవ కథలో అలా అడ్డుపడే మంత్రి లేడు, మరునాడు కూడా లేదు. పాత్ర నుంచి ఏనుగుమీదికి, ఏనుగుమీది నుంచి నదిలోకి ఒకే సాయంత్రపు నడక. రెండవ కథలో ఆజ్ఞ ఇవ్వవలసినవాడే వినోదస్థలంలో హతుడు కావడంతో సేనకు ఆజ్ఞ లేకుండా పోయింది. అంటే ఫెరిష్తాకు వినోదం నీతిబోధకు సాకు మాత్రమే కాదు. ఆజ్ఞ ఏ చోటు నుంచి వెలువడాలి అన్న రాజకీయ ప్రశ్నను ఆయన వినోదం ద్వారా అడుగుతున్నాడు.

అయితే మూడవ కథలోని నిండుదనం విమర్శకుణ్ణి ఆలోచింపజేయాలి. పాత్రతో ఓటమి, ఓటమితో ఒట్టు, ఒట్టుతో గెలుపు, గెలుపుతో మళ్లీ పాత్ర. ఇంత చక్కగా చుట్టు తిరిగి వచ్చే వరుస సంఘటనల్లో అరుదు, కథల్లో సహజం. ఫెరిష్తా పోషకుడు రెండవ ఇబ్రహీంకు ఇస్మాయిల్ ముత్తాత. పోషకుడి వంశకర్తల్లో ఒకడి ఘోర ఓటమిని చెప్పవలసి వచ్చిన చరిత్రకారుడికి ఈ కథ చక్కగా పనికివచ్చింది. శత్రువు బలవంతుడని ఒప్పుకోనక్కర లేదు. సేన పిరికిదని అననక్కర లేదు. ఒక సాయంత్రపు తొందరపాటు అంటే చాలు, ఆ తప్పును ఒట్టు కడిగేస్తుంది, వంశం నిలుస్తుంది. రెండవ ఇబ్రహీం స్వయంగా సంగీతప్రియుడు, కితాబ్-ఎ-నౌరస్ కర్త. అలాంటి కొలువులో కూర్చుని మజ్లిస్ హద్దుల గురించి రాయడంలో హెచ్చరిక కూడా ఉండవచ్చు. ఈ రెండు ప్రయోజనాలూ 1520 నాటి నదీతీరానివి కావు, తొమ్మిది దశకాల తర్వాతి బీజాపురానివి.

3. న్యూనిజ్: అంగడి ఉన్న దండు

ఫెర్నావ్ న్యూనిజ్ పోర్చుగీసు గుర్రాల వర్తకుడు. 1535–37 ప్రాంతంలో విజయనగరంలో ఉన్నాడు. రాయచూరు యుద్ధానికి ఆయన ప్రత్యక్షసాక్షి కాడు. జరిగిన పదిహేనేళ్ల తర్వాత రాజధానిలో విన్నదాన్ని రాశాడు. రాబర్ట్ సీవెల్ 1900లో ప్రచురించిన గ్రంథం ద్వారా ఈ వృత్తాంతం మన పరిశోధకులకు అందింది. యుద్ధం జరిగిన తేదీని 1520 మే 19గా నిర్ణయించే వాదం కూడా సీవెల్‌దే.

న్యూనిజ్ చెప్పిన సంఖ్యలు అపారం. సీవెల్ లెక్క కట్టిన మొత్తం ఏడు లక్షలకు పైబడిన కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు. ఈ సంఖ్యలను యథాతథంగా స్వీకరించనక్కర లేదు. గెలిచిన రాజధాని తన గెలుపును చెప్పుకునేటప్పుడు అంకెలు పెరుగుతాయి. కాని అంకెల పక్కన ఆయన ఇచ్చిన జాబితా వేరే రకం సాక్ష్యం. సంఖ్యను పెంచినవాడు కూడా దండులో ఏయే పనులవాళ్లు ఉండేవారో ఊహించి చెప్పాల్సిన అవసరం లేదు. గుర్రాల వర్తకుడికి దండు అంటే మొదట ఒక బజారు. ఆ కన్నుతో చూసిన జాబితాను నమ్మవచ్చు.

ఆ జాబితాలో పది పన్నెండు వేలమంది తిత్తులతో నీళ్లు మోసేవాళ్లున్నారు. దాహంతో ఎవరూ చనిపోకుండా వారిని దారిపొడవునా నిలిపారు. లెక్కలేనంతమంది చాకలివాళ్లున్నారు. ప్రతి నాయకుడికీ తన వర్తకులున్నారు. తన మనుషులకు కావలసిన సరుకు సమకూర్చే బాధ్యత వారిది. విడిదిలో దండు వీధులుగా విభజించి ఉంది. ఒక్కొక్క నాయకుడి విడిదికి ఒక్కొక్క సంత. అక్కడ గొర్రెలు, మేకలు, కోళ్లు, కుందేళ్లు, అడవిపిట్టలు, బియ్యం, పప్పుధాన్యాలు దొరికేవి. బట్టలు అమ్మేవాళ్లు, నగలు చేసేవాళ్లు, రత్నాలు అమ్మేవాళ్లు తమ తమ వీధుల్లో ఉన్నారు. రాజు గుడారం చుట్టూ ముళ్లకంచె, దానికి ఒకే వాకిలి. సేనవెంట 20,000 మంది వేశ్యలు నడిచారని కూడా న్యూనిజ్ రాశాడు.

నీళ్లమోతల ఏర్పాటు ఈ మొత్తం జాబితాకు తాళంచెవి. ఆ నీరు దయ కోసమే కాదు, దండును నిలపడానికి కూడా పెట్టిందని చదవవచ్చు. అదే తర్కాన్ని సంతకూ వర్తింపజేయవచ్చు. నాయకుడి వీధిలోనే తిండి, బట్ట, నగ, సుఖం అమ్మకానికి ఉంటే బంటు విడిది దాటి పోడు. జీతంగా అందిన రూకలు మళ్లీ ఆ వీధిలోనే ఖర్చవుతాయి. ఇక్కడ వినోదం ఆజ్ఞకు ఆటంకం కాదు, ఆజ్ఞ తన పట్టు నిలుపుకునే ఉపాయం. ఫెరిష్తా కథలో మజ్లిస్ ఆజ్ఞను చెడగొడుతుంది. న్యూనిజ్ కథలో సంత ఆజ్ఞను బలపరుస్తుంది. ఒకే యుద్ధం గురించిన రెండు కథనాల్లో వినోదానికి ఇంత వ్యతిరేకమైన పాత్రలు రావడానికి కారణం, ఒకటి ఏలిక వినోదాన్ని చూడడం, రెండవది బంటు వినోదాన్ని చూడడం.

ఈ తర్కం విజయనగర రాజధానిలో కూడా పనిచేసింది. 1443లో వచ్చిన అబ్దుర్ రజాక్, నగరంలోని వేశ్యావాటికల నుంచి వచ్చే పన్ను నగరరక్షక భటుల జీతాలకు పోయేదని రాశాడు. డొమింగో పేస్ చూసిన మహర్నవమి ఉత్సవాల్లో మల్లయుద్ధాలు, నృత్యాలు, బాణసంచా ముగిశాక రాజు సేనను తనిఖీ చేసేవాడు. ఉత్సవం, దండు అక్కడ ఒకే వరుసలో నడిచే రెండు ఘట్టాలు. బ్రిటిష్ పాలన 1864 నాటి చట్టంతో కంటోన్మెంట్లలో వేశ్యావృత్తిని సైనికాధికారుల అదుపులోకి తెచ్చినప్పుడు భాష మారింది, వైద్యపరీక్ష వచ్చి చేరింది. సిపాయి సుఖం సేనాధిపతి లెక్కపుస్తకంలో ఒక పద్దుగా ఉండడం మాత్రం పాతదే.

ఓటమికి న్యూనిజ్ చెప్పిన కారణంలో పానపాత్ర లేదు. ఆదిల్‌షా ఫిరంగులు మొదట ఒక్కసారిగా పేలి రాయల ముందు వరుసను చెదరగొట్టాయి. పారిపోతున్నవారిని తరుముతూ ఆదిల్‌షాహీ సేన తన వరుస విడిచి ముందుకు వచ్చింది. అప్పుడు రాయలు తన రెండవ దళంతో ఎదురుతిరిగాడు. ఇక్కడ ఓడించింది ముందురాత్రి విందు కాదు, గెలుపు ఉత్సాహంలో వరుస చెదరడం. ఫెరిష్తా తప్పును సుల్తాను కొలువులో పెట్టాడు, న్యూనిజ్ యుద్ధభూమిలో పెట్టాడు.

4. తెలుగు కథనాలు: విరామానికి పవిత్రత, ఆటకు నిందాభారం

ఆముక్తమాల్యద అవతారికలో కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో ఉన్నాడు. విజయవాటిలో కొన్నాళ్లు విడిసి, శ్రీకాకుళంలోని ఆంధ్రమధుమథనుణ్ణి సేవించి, హరివాసరాన ఉపవసించాడు. ఆ రాత్రి నాలుగో జామున స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడు. తెలుగు సాహిత్యంలో అత్యంత ప్రసిద్ధమైన దండువిడిది ఇదే. యుద్ధం నడుమ దొరికిన తీరికను సేనాధిపతి ఎలా గడిపాడో ఇక్కడ ఆయనే చెబుతున్నాడు. తీరిక ఉపవాసమైంది, నిద్ర దైవదర్శనమైంది, ఆజ్ఞ ఇచ్చే రాజు ఆజ్ఞ అందుకునే భక్తుడయ్యాడు. కావ్యావతరణకు ఇంతకంటె గంభీరమైన భూమిక అరుదు. అదే సమయంలో ఆ విడిదిలో ఉన్న వేలాది బంట్లు ఈ అవతారికలో కనిపించరు. అది కావ్యలోపం కాదు. అవతారిక అనే రచనావిశేషానికి వారితో పని లేదు.

చిక్కు ఆ అవతారికను ఫెరిష్తా కథ పక్కన పెట్టినప్పుడు వస్తుంది. ఒకే తరానికి చెందిన ఇద్దరు పాలకులు, ఇద్దరివీ నదీతీరపు విడుదులు. ఒకడు తాగాడు, ఓడాడు. ఇంకొకడు ఉపవసించాడు, గెలిచాడు. ఈ జత ఎంత సులువుగా కుదురుతుందో అంత ప్రమాదకరం. ఇటీవల చరిత్రను మతాల పోటీగా చెప్పే ధోరణికి ఇలాంటి జతలు సిద్ధాన్నం. ఈ పోలికను మూడు కారణాలవల్ల అంగీకరించలేము.

మొదటిది, రెండు కథనాల రచనావిశేషాలు వేరు. అవతారిక కవిరాజు తన కావ్యానికి దైవప్రేరణ చెప్పుకునే చోటు. ఫెరిష్తా కథ ఒక వంశపు ఓటమికి సంజాయిషీ చెప్పే చోటు. ఒకటి ఆత్మకథనం, మరొకటి మూడు తరాల తర్వాతి కొలువు చరిత్ర. రెండవది, రెండు ఘట్టాలూ ఒకే యుద్ధానివి కావు. ఉపవాసం కళింగయాత్రలోది, పానపాత్ర రాయచూరుది. మూడవది అన్నింటికంటె ముఖ్యమైనది. రాయచూరులో రాయల దండు ఎలా ఉందో న్యూనిజ్ చెప్పాడు. ఆ దండులో సంతలున్నాయి, వేశ్యలున్నారు. ఉపవసించిన రాజు దండూ వినోదం అమ్మే దండే. వినోదం ఉండడమే ఓటమికి కారణమైతే ఆ రోజు రెండు వైపులా ఓడాలి.

వినోదాన్ని యుద్ధకారణంగా చెప్పడం ఒక మతానికో ఒక భాషకో ప్రత్యేకం కాదనడానికి పల్నాటి వీరచరిత్ర సాక్ష్యం. శ్రీనాథుడి పేరుతో నిలిచిన ఆ కథలో కోడిపందెం ఓడినవారు ఏడేళ్లు రాజ్యం విడిచారు. ఆ వైరం చివరికి కార్యమపూడి యుద్ధానికి దారితీసింది. బాలచంద్రుడికి యుద్ధవార్త అందేది బొంగరాల ఆటలోనే. దాయాదుల ఆస్తివైరం, మతభేదాలు, మంత్రుల పోటీ అన్నీ ఉన్నా జనం నోట నిలిచింది కోడి. ముహమ్మద్ షా పాటగాళ్లు, పల్నాటి కోడి ఒకే కథనవ్యాకరణానికి చెందినవి. పెద్ద సంహారానికి చిన్న ఆటను మూలంగా చూపితే విన్నవాళ్లకు అది గుర్తుంటుంది. నింద మోయడానికి ఒక మనిషీ దొరుకుతాడు. పల్నాటిలో ఆ మనిషి నాగమ్మ.

క్రీడాభిరామం మరో మలుపు చూపుతుంది. ఓరుగల్లు వీధుల్లో పొట్టేళ్ల పోట్లాటలు, కోడిపందేలతో పాటు పల్నాటి వీరుల కథాగానం కూడా నగరవాసుల వినోదాల్లో ఒకటి. ఆట నుంచి పుట్టిన యుద్ధం మళ్లీ ఆటగా, పాటగా వీధికి వచ్చింది. యుద్ధంలో బంటు ఎలా సేదతీరాడో చెప్పని సాహిత్యం, చచ్చిన బంటు కథతో నగరం ఎలా సేదతీరిందో మాత్రం చెప్పింది.

5. గడ్డిమోపు నుంచి చూపు

ఇంతవరకు చూసిన కథనాలన్నీ దండును గుడారం నుంచో గుర్రం మీది నుంచో చూసినవి. కింది నుంచి చూపు నడిగడ్డ మౌఖిక సంప్రదాయంలో ఉంది. గద్వాల సంస్థానాధీశుడు సోమనాద్రి గురించి ఇక్కడ చెప్పుకునే కథల్లో, శత్రువుల చేజిక్కిన ఆయన గుర్రాన్ని గడ్డిమోపుతో శత్రుశిబిరంలో చొరబడిన ఒక బంటు తిరిగి తెచ్చిన కథ ఉంది. దీన్ని ఖాజీ సిరాజ్ కథతో పోల్చాలి. రెండూ శత్రుశిబిరంలో చొరబాటు కథలే. ఖాజీ వినోదం పేరుతో చొరబడ్డాడు, బంటు మేత పేరుతో చొరబడ్డాడు. ఏ దండైనా ఎంత కాపలా పెట్టినా ఈ రెండు వాకిళ్లను మూయలేదు. ఆడేవాళ్లు లోపలికి రావాలి, గడ్డి లోపలికి రావాలి. ఫెరిష్తా గుర్తుంచుకున్న వాకిలి నాట్యగత్తెలది. నడిగడ్డ జనం గుర్తుంచుకున్న వాకిలి గడ్డిది. రాజ్యచరిత్రకూ జనస్మృతికీ మధ్యనున్న దూరం ఈ ఒక్క భేదంలో తెలుస్తుంది.

గడ్డి ప్రస్తావన న్యూనిజ్‌లోనూ ఉంది. ఇంత ఇసుకనేలలో, ఇంత బీడులో అంత గడ్డీ ధాన్యమూ ఎలా దొరికాయని ఆయన ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యం దగ్గర ఆగకూడదు. సరుకు నాయకుల వర్తకులు తెచ్చారు నిజమే. వర్తకులు ఎవరి దగ్గర తెచ్చారు? మే నెలలో, తొలకరికి ముందు, రైతు గాదెలో మిగిలింది విత్తనాలూ వానకాలందాకా తిండీ మాత్రమే. పశువుకు దాచిన చొప్ప గుర్రానికి పోతే దుక్కికి ఎద్దు నిలవదు. దండులో నిండిన సంత అంటే దాని చుట్టూ ఉన్న ఊళ్లలో ఖాళీ అయిన గాదె. న్యూనిజ్‌కు సమృద్ధిగా కనిపించింది నడిగడ్డ ఊళ్లకు కరువు. బంటుకు యుద్ధం వెనుకనున్న విశ్రాంతిస్థలం, ఆ ఊరివాడికి యుద్ధం తగిలిన ముందువరుస.

అలాగే నర్తకి ప్రశ్న. ఖాజీ సిరాజ్ కథలో ఖాజీకి పేరుంది, ఆమెకు లేదు. ఆమె మేళంతో వచ్చినవాడు రాకుమారుణ్ణి చంపాక, దీపాలారిన గుడారంలో ఆమె గతి ఏమిటన్నది చరిత్రకారుడికి పట్టలేదు. న్యూనిజ్‌లో ఆమె 20,000లో ఒక అంకె. వినోదాన్ని నీతిగా చదివితే ఆమె ప్రలోభం. వినోదాన్ని పనిగా చదివితే ఆమె శ్రామికురాలు, నీళ్లతిత్తి మోసినవాడి పక్కన, బట్టలు ఉతికినవాడి పక్కన నిలబడవలసిన మనిషి. ఈ రెండో చదువు ఇంతవరకు మన విమర్శలో తగినంతగా జరగలేదు.

6. స్థానికచరిత్ర రచనకు సూచనలు

రాజోలి వంటి ఊరి చరిత్ర రాసే పరిశోధకుడికి పై చర్చనుంచి మూడు పద్ధతులు అందుతాయి.

ఒకటి, వినోదం కనిపించిన ప్రతిచోటా అది ఎవరి వినోదమో అడగాలి. ఏలికదైతే అది ఆజ్ఞ గురించిన కథ. బంటుదైతే అది నిర్వహణ గురించిన సమాచారం. ఒకదానికి ఆధారమైనదాన్ని మరొకదానికి వాడకూడదు. ఇస్మాయిల్ పానపాత్ర ఆధారంగా ఆదిల్‌షాహీ సేన విలాసంలో మునిగిందని రాయడం, హరివాసర ఉపవాసం ఆధారంగా రాయల సేన నియమబద్ధమని రాయడం రెండూ ఒకే పొరపాటు.

రెండు, సంఖ్యనూ జాబితానూ వేరుగా తూచాలి. ఏడు లక్షల కాల్బలం చర్చనీయం. తిత్తి, చాకలి, సంత, ముళ్లకంచె విశ్వసనీయం. మన వ్యాసాల్లో తరచుగా దీనికి తలకిందులుగా జరుగుతోంది. అంకెలు శీర్షికలకెక్కుతాయి, పనులవాళ్లు అధోజ్ఞాపికలో కూడా మిగలరు.

మూడు, కోటను యుద్ధచిహ్నంగానే కాక సరఫరాస్థానంగా చదవాలి. నదిరేవు, పుట్టి నడిపేవాళ్లు, సంత జరిగే తావు, గడ్డిబీళ్లు, నేతగాళ్ల వీధి కోటగోడకు ఎంత దూరంలో ఉన్నాయో గుర్తించి పటం గీయడం క్షేత్రపర్యటనలో చేయదగిన పని. రాజోలి నేటికీ చేనేతకు పేరున్న ఊరు. దండుసంతల్లో బట్టల వర్తకులున్నారని న్యూనిజ్ చెప్పినప్పుడు, ఆ బట్ట ఏ మగ్గాలది అన్న ప్రశ్న నదీతీరపు నేత ఊళ్ల చరిత్రలో వేయవలసినదే. కైఫీయతులు, శాసనాల్లోని సుంకాల పట్టికలు, కులవృత్తుల మౌఖిక కథనాలు ఈ ప్రశ్నకు జవాబు వెతకవలసిన చోట్లు.

7. ముగింపు

అంతర్వేది యుద్ధకథనాల్లో వినోదం అలంకారం కాదు. ఫెరిష్తాకు అది ఆజ్ఞ దారితప్పే చోటు, వంశగౌరవాన్ని కాపాడే సంజాయిషీ. న్యూనిజ్‌కు అది దండును దండుగా నిలిపే బజారు. రాయలకు అది కావ్యానికి దైవానుజ్ఞ దొరికిన రాత్రి. పల్నాటి కథకు అది నింద మోపదగిన కోడి. ఈ నాలుగు ప్రయోజనాలను గుర్తించకుండా ఆ కథలను జరిగినవి జరిగినట్టుగా స్వీకరిస్తే, మధ్యయుగపు కొలువుల సంజాయిషీలను నేటి మతవైరాలకు ఆధారాలుగా అందించినవాళ్లమవుతాం.

రాయచూరులో గెలిచినవారి దండులోనూ ఓడినవారి దండులోనూ సాయంత్రం ఉంది, తిండి ఉంది, పాట ఉంది. ఆ సాయంత్రానికి అయిన ఖర్చు నడిగడ్డ గాదెల నుంచి వచ్చింది. ఆ లెక్క తేల్చే పరిశోధన తుంగభద్ర ఒడ్డున, ఊరూరా జరగవలసి ఉంది.